కూర్చున్నప్పటి అంకె సగమే నిజం

నేను ఏనాడూ చుట్టగానీ బీడీగానీ ముట్టలేదు. అయినా నా రిపోర్టు మీద సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు పేరు రాసి ఉంది. కందికట్టె, పత్తికట్టె, పిడకలు పెట్టి వంట చేసిన తరం మాది. ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూర్చున్న చిన్నతనం నుంచి ఇంట్లోకి గ్యాసు వచ్చేదాకా మేం పీల్చింది ఆ పొగే. మా అన్నయ్యది వేరే జబ్బు. ఊపిరితిత్తులు గట్టిపడి ముడుచుకుపోతాయి. ఫైబ్రోసిస్ అంటారు, ఐఎల్‌డీ అనే జబ్బుల గుంపులోది. ఇద్దరం ఒకే వరండాలో నడుస్తాం, ఒకే ఆక్సీమీటరు వాడతాం, అంకెలు మాత్రం ఎవరివి వారివే. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను కాబట్టి నాకు అంకెలంటే భయం లేదు, గుడ్డి నమ్మకమూ లేదు. డాక్టరుగారి దగ్గరా, ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరా విని, మా నడకలో సరిచూసుకున్న సంగతులు కొన్ని చెబుతాను. మందుల మోతాదులు, ఎవరి హద్దులు ఎంతెంత అన్నవి మాత్రం వారివారి డాక్టరే చెప్పాలి.

1. కూర్చుని చూసిన అంకెతో సరిపెట్టుకోవద్దు

ఆస్పత్రికి వెళ్తాం. ఆటో దిగి, లిఫ్టెక్కి, పేరు పిలిచేదాకా కుర్చీలో కూర్చుంటాం. అప్పుడు నర్సమ్మ వచ్చి వేలికి మీటరు తగిలిస్తుంది. 95 వస్తుంది. "బాగానే ఉందమ్మా" అంటుంది. కూర్చున్న మనిషికి అది నిజమే. అదే మనిషి నీళ్ళ బకెట్టు మోసినా, రెండో అంతస్తుకు మెట్లెక్కినా ఆ 95 ఎంతకు దిగుతుందో అక్కడ ఎవరూ చూడలేదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు నడిచినా మెట్లెక్కినా ఆక్సిజన్ పెద్దగా కదలదు. గుండె, ఊపిరి రెండూ వేగం పెంచి సర్దేస్తాయి. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ళకు ఆ సర్దుబాటు చాలదు. అందుకే డాక్టర్లు ఆరు నిమిషాల నడక పరీక్ష పెడతారు. 30 మీటర్ల వరండాలో అటూ ఇటూ మన ఓపికను బట్టి నడవాలి. ఆయాసమొస్తే ఆగవచ్చు, గడియారం మాత్రం ఆగదు. ఎంత దూరం నడిచాం, ఆక్సిజన్ ఎంతకు దిగింది, నాడి ఎంతకు ఎక్కింది, ఆయాసం ఎంత వచ్చింది, ఇవన్నీ రాసుకుంటారు. ఈ పరీక్ష ఎలా చేయాలో అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2002లోనే పద్ధతిగా రాసిపెట్టింది. నడిస్తే ఆయాసం వచ్చేవారికి ఈ పరీక్ష తగునో లేదో డాక్టరు చూసి చెప్పాలి. డాక్టరు చెప్పకపోతే మీరే అడగండి.

2. రెండు అంకెల్లో ఏది ఏదో తేల్చుకోండి

మీటరు మీద శాతం గుర్తుతో ఉండేది ఆక్సిజన్. పీఆర్ అని రాసిగానీ, గుండె బొమ్మతోగానీ ఉండేది నాడి, అంటే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఆ లెక్క. ఇది తెలియక మా కింది ఇంటి పెద్దాయన కూతురికి ఫోన్ చేసి "ఆక్సిజన్ 78 అయిందమ్మా" అన్నారు. ఆ పిల్ల అంబులెన్సు కోసం పరుగు పెట్టింది. తీరా చూస్తే 78 నాడి, ఆక్సిజన్ 96. ఇది నవ్వుకుని ఊరుకునే పొరపాటు. దీనికి ఎదురు పొరపాటే ప్రమాదం. నాడి 97 కొడుతుంటే దాన్ని ఆక్సిజన్ అనుకుని నిశ్చింతగా పడుకుంటారు.

లెక్కల టీచరుగా ఇంకొకటి చెబుతాను. 98ని తలకిందులుగా చూస్తే 86. మీటరు మన వైపు తిరిగి ఉందో ఎదుటివారి వైపు తిరిగి ఉందో చూడకుండా చదివితే మంచి అంకె చెడ్డదిగా, చెడ్డది మంచిదిగా కనిపిస్తుంది. అక్షరాలు నిటారుగా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.

3. మీటరుకు కాస్త వ్యవధి ఇవ్వండి

ఈ పరికరానికి మూలమైన సూత్రం 1970ల మొదట్లో జపాన్ ఇంజనీరు తకువో అయోయగి కనిపెట్టింది. ఒక ఎర్రటి వెలుగును, కంటికి కనబడని పరారుణ వెలుగును వేలిగుండా పంపి, నాడి కొట్టినప్పుడల్లా రక్తం దేన్ని ఎంత పీల్చుకుందో చూసి ఆక్సిజన్ శాతం లెక్క కడుతుంది. కాబట్టి నాడి సరిగా అందకపోతే లెక్క తప్పుతుంది. చెయ్యి ఊపుతూ నడిచేటప్పుడు, వేళ్ళు చల్లబడ్డప్పుడు, గోళ్ళరంగు వేసుకున్నప్పుడు, నల్ల మెహందీ పెట్టుకున్నప్పుడు వచ్చే అంకెను నమ్మలేం. ఆగి, చెయ్యి గుండె మీద ఆనించుకుని, అంకె ఒకచోట నిలబడేదాకా చూడాలి.

ఊపిరితిత్తుల్లో తగ్గిన ఆక్సిజన్ వేలిదాకా వచ్చి మీటరులో కనబడడానికి కొన్ని సెకన్ల నుంచి అరనిమిషం దాకా పడుతుంది. మెట్లెక్కి ఆగిన తరవాత కూడా అంకె కాసేపు దిగి, ఆపైన ఎక్కడం మొదలుపెడుతుంది. మొదటి అంకె చూసి మీటరు తీసేస్తే ఆ అట్టడుగు అంకె మనకు దక్కదు. మనకు కావలసింది అదే.

మంచి మీటరు కూడా రెండు శాతం అటో ఇటో చూపించగలదు. ఒంటిరంగు ముదురుగా ఉన్నవాళ్ళలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉంది. 2020లో అమెరికాలో వచ్చిన ఒక పరిశీలనలో, మీటరు బాగానే చూపిస్తున్నా రక్తంలో ఆక్సిజన్ నిజానికి తక్కువగా ఉండడం తెల్లవాళ్ళలో కన్నా నల్లజాతివారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. మన ఒంటిరంగుల వాళ్ళం దీన్ని మనసులో పెట్టుకోవాలి. పొగతాగేవారికి మరో చిక్కు ఉంది. పొగలోని కార్బన్ మోనాక్సైడు పట్టుకున్న రక్తాన్ని కూడా ఈ మీటరు ఆక్సిజన్ ఉన్న రక్తమనే లెక్కేస్తుంది. బీడీ ఆర్పి వచ్చి చూసుకున్న 97ని చూసి మురిసిపోవద్దు.

4. 90 దగ్గర గట్టు అంచు ఉంది

97 నుంచి 93కి దిగడం, 90 నుంచి 86కి దిగడం తీసివేతలో ఒకటే. రెండూ నాలుగే. ఒంటికి మాత్రం ఒకటి కాదు. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకునే ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి కొంత తగ్గినా శాతం అంతగా పడిపోదు. ఆ ఒత్తిడి 60 దగ్గరకు వచ్చేసరికి శాతం 90 దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి ఒత్తిడి ఇంకాస్త తగ్గినా శాతం చకచకా పడుతుంది. చెరువు గట్టు మీద నడిచినట్టే. పైన ఉన్నంతసేపూ చదును, అంచు దాటితే జారుడే.

అందుకే 94 చూసి కంగారు పడనక్కర్లేదు. 89, 88 చూస్తే మాత్రం నెమ్మదించాలి. నడకలో నాలుగు అంతకంటే ఎక్కువ శాతం దిగితే, ఆగిన తరవాత మళ్ళీ పైకి వచ్చినా సరే, డాక్టరుకు చెప్పవలసిన సంగతే.

5. జబ్బును బట్టి అంకె నడుస్తుంది

నాకు గాలి లోపలికి పోతుంది, బయటికి రావడమే కష్టం. సీఓపీడీలో గాలిగొట్టాలు ఇరుకవుతాయి. నడక వేగం పెంచితే, పీల్చిన గాలి పూర్తిగా వదలకముందే మళ్ళీ పీలుస్తాం. అలా లోపల గాలి పేరుకుని ఛాతీ ఉబ్బుతుంది. ఇక పీల్చడానికి చోటుండదు. నా ఆక్సిజన్ మెల్లగానే దిగుతుంది, ఆయాసమే ముందు వచ్చి నన్ను ఆపేస్తుంది.

అన్నయ్యకు దీనికి పూర్తిగా భిన్నంగా ఉంటుంది. ఆయన ఊపిరితిత్తుల్లో గాలికీ రక్తానికీ మధ్యనున్న పలుచటి పొర మందమైంది. కూర్చుంటే రక్తం నెమ్మదిగా పోతుంది కాబట్టి ఆక్సిజన్ అందుకోవడానికి దానికి సమయం దొరుకుతుంది, 96 ఉంటుంది. నడిస్తే గుండె రక్తాన్ని తరుముతుంది, ఆక్సిజన్ అందుకోకముందే రక్తం దాటిపోతుంది. వరండా చివరిదాకా వెళ్ళి వచ్చేసరికి 87. అయినా కబుర్లు చెబుతూనే ఉంటాడు. అంకె అంత దిగినట్టు ఆయనకు తెలియదు. నాలాంటివాళ్ళను ఆయాసమే ముందు హెచ్చరిస్తుంది. అన్నయ్యలాంటివాళ్ళు మీటరు చూసుకుంటూ నడవాలి. మీ జబ్బు ఈ రెంటిలో ఏ తీరుదో డాక్టరును అడిగి తెలుసుకోండి.

6. నాడి పెరిగిందంటే గుండెజబ్బు అనుకోవద్దు, అలాగని కొట్టిపారేయవద్దు

ఒక్కో విడతకు అందే ఆక్సిజన్ తక్కువైతే గుండె విడతలు పెంచుతుంది. ఊపిరితిత్తుల రోగికి నాలుగడుగులకే నాడి 110కి ఎక్కడం దానివల్లే. కండలు వాడకం లేక బలహీనపడినా ఇదే జరుగుతుంది.

220లో వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందనీ, అందులో ఇంత శాతం దాకా వ్యాయామం చేయవచ్చనీ ఒక లెక్క ఉంది. 70 ఏళ్ళవారికి 150 వస్తుంది. మంచి ఊపిరితిత్తులున్నవారికి ఉజ్జాయింపుగా పనికొస్తుందేమో కానీ, మాకు పనికిరాదు. గుండె ఆ హద్దుకు చేరేలోపే ఊపిరి చాలించమంటుంది.

మందులు కూడా నాడిని మారుస్తాయి. సాల్బ్యుటమాల్ పీల్చిన కాసేపటికి నాడి పెరుగుతుంది, కొందరికి చేతులు వణుకుతాయి. థియోఫిలిన్ మాత్రలూ అంతే. బీపీకో గుండెకో బీటా బ్లాకర్లు వాడేవాళ్ళకు ఎంత ఆయాసపడినా నాడి పెద్దగా పెరగదు, కాబట్టి నాడి తక్కువగా ఉందని ఇంకా గట్టిగా నడిచేయకూడదు. ఏ మందు ఎప్పుడు వేసుకున్నామో తెలియకుండా నాడి అంకెకు అర్థం చెప్పలేం. నాడి లయ తప్పి ఇష్టమొచ్చినట్టు కొట్టుకుంటుంటే, ఆగిన తరవాత కూడా ఎంతకూ దిగకపోతే, ఈసీజీ తీయించుకోవాలి.

7. మూడో అంకె మనమే చెప్పాలి

ఆక్సిజన్, నాడి మీటరు చెబుతుంది. ఆయాసం ఎంతో మనిషే చెప్పాలి. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ దీనికి కొలమానాలు తయారుచేశాడు. ఇప్పుడు ఊపిరితిత్తుల రోగులకు వాడేది సున్నా నుంచి పది దాకా ఉండేది. సున్నా అంటే ఆయాసమే లేదు, పది అంటే ఇక భరించలేం. మా ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను మూడు నాలుగు మధ్య నడవమంటుంది. వాక్యం మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుంటూ మాట్లాడగలిగితే మూడు నాలుగు అని నా గుర్తు. మాటకో ఊపిరి కావలసి వస్తే అప్పటికే దాటిపోయాం.

మూడింటినీ కలిపి చూస్తేనే సంగతి తెలుస్తుంది. ఆక్సిజన్ 93, నాడి 105, ఆయాసం మూడు అయితే నడక సాగించవచ్చు. ఆక్సిజన్ 93 ఉన్నా నాడి 130, ఆయాసం ఏడు ఉంటే ఆగాలి. ఆక్సిజన్ ఒక్కటే చూసుకుని "బాగానే ఉన్నా" అనుకునేవాళ్ళు ఈ రెండోదాన్ని పట్టించుకోరు.

8. వదలడం నేర్చుకుంటే పీల్చడం దానంతటదే వస్తుంది

ఆయాసమొచ్చినప్పుడు గబగబా పీల్చాలనిపిస్తుంది. సీఓపీడీ ఉన్నవారికి దానివల్ల లోపలి గాలి ఇంకా పేరుకుంటుంది. ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి, పీల్చినదానికి రెండింతల సేపు మెల్లగా వదలాలి. పెదవుల దగ్గర ఉండే ఆ కాస్త అడ్డు, గాలిగొట్టాలు తొందరగా మూసుకుపోకుండా కాపాడుతుంది. మెట్లెక్కేటప్పుడు కాలు పైకి ఎత్తే క్షణంలో ఊపిరి వదలాలి. బరువు ఎత్తేటప్పుడూ అంతే. ఊపిరి బిగబట్టి ఏ పనీ చేయకూడదు.

ఆగినప్పుడు నిటారుగా నిలబడే బదులు గోడకో కిటికీ గట్టుకో చేతులు ఆనించి కాస్త ముందుకు వంగితే ఊపిరి తొందరగా కుదుటపడుతుంది.

9. ఇంటిపని కూడా వ్యాయామమే

ఉదయం నడకకు మీటరు పెట్టుకుని, ఆ తరవాత స్నానానికి మామూలుగా వెళ్ళిపోతారు. తలస్నానం, జడ వేసుకోవడం, తీగ మీద బట్టలు ఆరేయడం, అటక మీద డబ్బా తీయడం వంటి పనుల్లో చేతులు భుజాల పైకి లేస్తాయి. అప్పుడు ఊపిరికి సాయం చేసే మెడ, భుజాల కండలు వేరే పనిలో పడతాయి. వంగి ముగ్గేస్తే పొట్ట పైకి నొక్కుతుంది. నడకలో రాని ఆయాసం ఇక్కడ వస్తుంది.

ఒకరోజు ఈ పనులు చేసిన వెంటనే మీటరు పెట్టి చూసుకోండి. మీకు ఏ పని బరువో తెలిసిపోతుంది. స్నానాల గదిలో ఒక ప్లాస్టిక్ స్టూలు వేసుకోండి, బట్టల తీగ కిందికి దించండి, కూరలు కూర్చుని తరగండి. మగవాళ్ళు ఈ పనుల్లో సాయం పట్టడం ఇంతకంటే మంచి మందు.

10. ఆగవలసిన చోట ఆగండి

ఆక్సిజన్ 88 కన్నా దిగితే ఆగి, కూర్చుని, పెదవులు చుట్టి ఊపిరి వదలాలి. 90 దాటి నాడి కూడా దిగాక మళ్ళీ మొదలుపెట్టవచ్చు, ఈసారి నెమ్మదిగా. మీ డాక్టరు ఇంకో హద్దు చెప్పి ఉంటే అదే పాటించండి.

ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, చల్లచెమటలు, పెదవులు నీలిరంగుకు తిరగడం, మాట తడబడటం, ఎంతసేపు కూర్చున్నా ఆక్సిజన్ పైకి రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా మీటరు పక్కనపెట్టి 108కి ఫోన్ చేయాలి. ఎప్పుడూ కూర్చుంటే 94 ఉండేవారికి రెండు రోజులుగా 90 ఉంటోందంటే, కఫం రంగు మారిందంటే, ఆ రోజు వ్యాయామం మానేసి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

11. ఆక్సిజన్‌ను మందులాగే చూడండి

కోవిడ్ తరవాత చాలా ఇళ్ళలో ఆక్సిజన్ ఇచ్చే కాన్సన్‌ట్రేటర్లు మిగిలిపోయాయి. ఆయాసంగా ఉందని ఎవరికి వారు పెట్టేసుకుంటున్నారు. కూర్చున్నప్పుడు కూడా ఆక్సిజన్ 88 అంతకంటే తక్కువ ఉండే సీఓపీడీ రోగులకు రోజుకు 15 గంటలకు తగ్గకుండా ఆక్సిజన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలో అమెరికా, బ్రిటన్ పరిశోధనలు చూపించాయి. కూర్చున్నప్పుడు కాస్త తక్కువగా ఉన్నా, నడకలో ఓ మోస్తరుగా దిగినా ఆక్సిజన్ వల్ల ప్రాణానికీ, ఆస్పత్రిపాలు కాకుండా ఉండడానికీ అదనపు మేలు కనబడలేదని 2016లో అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన చెప్పింది. ఎవరికి కావాలో, నడకలో ఎన్ని లీటర్లు కావాలో నడిపించి చూసే డాక్టరు నిర్ణయించాలి.

ఎక్కువ పెట్టుకున్నా ముప్పే. కొందరు సీఓపీడీ రోగుల్లో ఆక్సిజన్ అతిగా ఇస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడు పేరుకుని మత్తు కమ్ముతుంది. అందుకే వారికి 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలంటారు. 98 చూడాలన్న ఆశతో గొట్టంలో ఆక్సిజన్ పెంచవద్దు. ఆక్సిజన్ నడుస్తున్నప్పుడు పూజగదిలో దీపం, అగరుబత్తి, వంటింట్లో పొయ్యి దగ్గరకు వెళ్ళకూడదు. గుడ్డకు నిప్పంటుకుంటే ఆక్సిజన్ దాన్ని క్షణాల్లో మంటగా మారుస్తుంది.

12. కొండా, విమానమూ

తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పల్చబడడం మనలాంటి చాలామందికి సమస్య కాదు. అలిపిరి దారిలోని 3,550 మెట్లే సమస్య. మొక్కు ఉంటే బస్సులో వెళ్ళి తీర్చుకోండి.

విమానం వేరు. ఆకాశంలో ఉన్నంతసేపూ లోపలి గాలి ఒత్తిడి సుమారు 2,400 మీటర్ల కొండ మీద ఉన్నట్టు ఉండవచ్చు. అంటే తిరుమలకు దాదాపు మూడు రెట్లు. ఆరోగ్యవంతులకే ఆక్సిజన్ నాలుగైదు శాతం తగ్గుతుంది. పిల్లలను చూడడానికి అమెరికా వెళ్ళే పెద్దవాళ్ళు అన్నిగంటలు ఆ గాలిలో కూర్చోవాలి, మధ్యలో లేచి నడవాలి. టికెట్టు కొనేముందే డాక్టరుకు చూపించుకోండి. ఆక్సిజన్ తక్కువ ఉన్న గాలి పీల్పించి చూసే పరీక్ష ఉంది. అవసరమైతే విమానంలో అనుమతించే చిన్న కాన్సన్‌ట్రేటరు తీసుకెళ్ళవచ్చు, ఎయిర్‌లైన్‌కు ముందే చెప్పాలి. సొంత సిలిండరును చాలా ఎయిర్‌లైన్లు ఎక్కించనివ్వవు.

13. పుస్తకంలో రాయండి, మార్పు ఎక్కడ వస్తుందో చూడండి

ఒక నోటుబుక్కులో గళ్ళు గీసుకోండి. నడవకముందు ఆక్సిజన్, నాడి. నడిచాక అట్టడుగుకు దిగిన ఆక్సిజన్, నాడి, ఆయాసం అంకె. ఎంతసేపటికి మామూలుకు వచ్చింది. ఏ మందు ఎప్పుడు. రోజంతా వేలికి మీటరు పెట్టుకుని కూర్చోవడం మాత్రం వద్దు, అది భయాన్ని పెంచుతుంది.

చెడిపోయిన ఊపిరితిత్తులు వ్యాయామంతో కొత్తవి కావు. కొన్ని వారాలు నడిచాక ఆక్సిజన్ అంకె పెరగలేదని నిరుత్సాహపడేవాళ్ళు అందుకే ఎక్కువ. మెరుగయ్యేవి తొడలు, పిక్కలు. కండలు గట్టిపడితే అదే పనికి తక్కువ గాలి చాలుతుంది. అదే దూరానికి నాడి తగ్గుతుంది, ఆయాసం ఐదు నుంచి మూడుకు వస్తుంది, తొందరగా తేరుకుంటాం. ఆస్పత్రుల్లో పల్మనరీ రిహాబిలిటేషన్ పేరుతో ఆరు నుంచి 12 వారాలు నేర్పేది ఇదే: నడక, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, చిన్న బరువులు ఎత్తడం, ఊపిరి పద్ధతి.

ఆయాసమొస్తోందని మంచానికి అతుక్కుపోయినవాళ్ళను నేను చాలామందిని చూశాను. ముందు కాళ్ళు పోతాయి, తరవాత ఆకలి, ఆ తరవాత ధైర్యం. కాబట్టి వచ్చేసారి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు కుర్చీలో అంకె చూపించి తిరిగి రావద్దు. "నన్ను నడిపించి చూడండి" అని అడగండి. మీ ఇంట్లో ఆయాసపడే అమ్మో నాన్నో ఉంటే, వారి పక్కన మీరూ నడుస్తూ అంకెలు రాసిపెట్టండి.